ఇంటికి దగ్గరి కళాశాల, వడ్డీ అంటని చదువు

గత షాబాన్ సెలవుల్లో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి ఫోను మోగుతోంది. ఇరవై అయిదేళ్ల క్రితం మా వద్ద అరబ్బీ వ్యాకరణం చదువుకొన్న ఒక శిష్యుడు అమెరికా నుండి పిలుస్తున్నాడు. టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ నగర శివార్లలో అతడు కుటుంబంతో స్థిరపడి చాలా కాలమైంది. క్షేమ సమాచారాలు ముగిశాక, "ఉస్తాద్ గారూ, మా పెద్దవాడి విషయంలో ఇంట్లో రెండు నెలలుగా మనశ్శాంతి లేదు. మీరొక మాట చెప్పండి, వాడు వింటాడు" అన్నాడు.

పిల్లవాడు హాఫిజ్. పద్నాలుగేళ్లకే ఖుర్ఆన్ కంఠస్థం పూర్తి చేశాడు. తరువాత అక్కడి మదర్సాలోనే కొంత కాలం ఆలిమ్ కోర్సు చదివాడు. మామూలు పాఠశాలకు వెళ్లలేదు కనుక పద్దెనిమిదేళ్లు నిండాక జీఈడీ అనే పరీక్ష రాశాడు. గణితం, భాష, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం అనే నాలుగు భాగాల పరీక్ష అది. అందులో నెగ్గినవారికి పాఠశాల పూర్తి చేసిన వారితో సమానంగా గుర్తింపు ఉంటుంది. ఆ తరువాతే చిక్కు వచ్చి పడింది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సీటు ఇస్తానంది గాని, దాని రుసుము కట్టాలంటే ఏటా లక్షల రూపాయల లెక్కన వడ్డీ అప్పు చేయవలసిందే. పిల్లవాడి మేనమామ పూచీ సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. తండ్రికి మనసు ఒప్పడం లేదు. ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో కమ్యూనిటీ కళాశాల ఉంది, అందులో చేరమంటాడాయన. "దాన్ని అందరూ పదమూడో తరగతి అంటారు నాన్నా, నా బంధువులంతా పెద్ద యూనివర్సిటీల్లో ఉన్నారు" అంటాడు కొడుకు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. తెలియని విషయంలో తీర్పు చెప్పకూడదని మా గురువులు మాకు నేర్పారు. వారం రోజులు గడువు అడిగి, ఆ కళాశాల ప్రచురించే కోర్సుల పట్టికను, విద్యార్థి సహాయానికి సంబంధించిన పత్రాలను పంపమన్నాము. మరొక కారణం కూడా ఉంది. మేము ఇరవై మూడేళ్ల వయసులో ఫజీలత్ సనదు చేతబట్టుకొని డిగ్రీ చదవాలని ఒక కళాశాల మెట్లు ఎక్కాము. కార్యాలయంలోని వ్యక్తి ఆ సనదును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ తరగతికి సమానం?" అని అడిగాడు. మా వద్ద సమాధానం లేదు. తొమ్మిదేళ్ల చదువు ఒక్క ప్రశ్నతో సున్నాగా మిగిలిన ఆ మధ్యాహ్నం మాకు ఇంకా గుర్తుంది. ఈ పిల్లవాడి ముందు తెరిచి ఉన్న తలుపు ఆనాడు మాకు కనపడలేదు. అందుకే ఆ కాగితాలను మేము కొంత ఆశతోనే చదివాము.

కమ్యూనిటీ కళాశాల అంటే రెండేళ్ల ప్రభుత్వ కళాశాల. ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో ప్రారంభమైనదే ఈ కోవలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అన్నిటికంటే పాతది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం ఇటువంటి కళాశాలలను దేశమంతటా విస్తరింపజేయాలని సూచించింది. ఆ పేరు జనంలో స్థిరపడింది కూడా అప్పటినుండే. నేడు ఆ దేశంలో ఇవి సుమారు వెయ్యి ఉన్నాయి. ఒక్క కాలిఫోర్నియాలోనే 116. డల్లాస్‌లో ఏడు వేర్వేరు కళాశాలలుగా ఉన్నవి 2020లో డల్లాస్ కాలేజ్ అనే ఒకే సంస్థగా ఏకమయ్యాయి. వీటి ప్రధాన లక్షణం ఏమిటంటే, ర్యాంకులు చూసి వడపోయవు. పాఠశాల చదువు గాని, దానికి సమానమైన పరీక్ష గాని పూర్తయితే చేర్చుకొంటాయి. టెక్సాస్‌లో చదవడం, రాయడం, గణితం అంశాల్లో ఒక పరీక్ష పెడతారు గాని అది వెనక్కి పంపడానికి కాదు, ఏ మెట్టు నుండి మొదలుపెట్టాలో తేల్చడానికి. గణితంలో వెనుకబడినవాడికి అదనపు తరగతులు ఉంటాయి. మదర్సా నుండి వచ్చిన పిల్లలకు ఈ ఏర్పాటు విలువ ఎంతో మేము వివరించనక్కరలేదు.

ఇక ఇక్కడ లభించే పట్టాలు. చదువును వారు క్రెడిట్లలో కొలుస్తారు. ఒక సబ్జెక్టుకు సాధారణంగా మూడు క్రెడిట్లు. అరవై క్రెడిట్లు పూర్తయితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. బ్యాచిలర్ డిగ్రీకి నూట ఇరవై కావాలి కనుక ఇది సరిగ్గా సగం దారి. అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనేవి రెండూ ఆ తరువాత విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలోకి వెళ్లదలచిన వారికోసం ఏర్పడ్డాయి. చరిత్ర, సాహిత్యం, ఉపాధ్యాయ వృత్తి వైపు వెళ్లేవారు మొదటిదానిని, కంప్యూటరు, ఇంజనీరింగు, వైద్య సంబంధమైన చదువులు కోరేవారు రెండవదానిని ఎన్నుకొంటారు. అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్ అని మూడవది ఒకటి ఉంది. పేరు వింటే రెండవదాని వంటిదే అనిపిస్తుంది గాని దాని దారి వేరు. అది నేరుగా ఉద్యోగానికి. ఎక్స్‌రే తీసే సాంకేతిక నిపుణులు, దంత శుభ్రత నిపుణులు, ఊపిరితిత్తుల చికిత్సలో సహాయకులు ఈ దారిన వచ్చినవారే. రెండేళ్ల నర్సింగు అసోసియేట్ డిగ్రీ పూర్తి చేసినవారు, నాలుగేళ్ల డిగ్రీ చేసినవారు రాసే లైసెన్సు పరీక్షనే రాసి, అదే రిజిస్టర్డ్ నర్సు హోదా పొందుతారు. అయితే నర్సింగు విభాగంలో మాత్రం తలుపు అందరికీ తెరిచి ఉండదు. ముందుగా జీవశాస్త్రం వంటి సబ్జెక్టుల్లో మంచి మార్కులు తెచ్చుకొని పోటీపడాలి. ఇవి కాక కొన్ని నెలల నుండి ఏడాది వరకు సాగే సర్టిఫికెట్లు ఉన్నాయి: వెల్డింగు, ఏసీ మరమ్మతు, మోటారు వాహనాల పని, పద్దు పుస్తకాల నిర్వహణ. చేతిపనితో సంపాదించేవాడిని చిన్నచూపు చూసే జాడ్యం మన కుటుంబాల్లో ఎప్పుడు ప్రవేశించిందో గాని, మన పూర్వికులైన పండితుల్లో ఎందరో తమ వృత్తిపేరుతోనే ప్రసిద్ధులు!

మూడో సంవత్సరంలోకి మారడం గురించి కొంచెం ఆగి చెప్పాలి. పిల్లవాడి బెంగ అంతా అక్కడే ఉంది. టెక్సాస్‌లో ప్రభుత్వ కళాశాలలన్నిటికీ ఉమ్మడిగా 42 క్రెడిట్ల మూల పాఠ్యాంశాలు ఉన్నాయి. ఇంగ్లీషు రచన, గణితం, విజ్ఞానశాస్త్రం, అమెరికా చరిత్ర, ప్రభుత్వ విధానం మొదలైనవి. వీటన్నిటినీ ఒక కమ్యూనిటీ కళాశాలలో పూర్తి చేస్తే ఆ రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా మొత్తంగా అంగీకరించాలి. చివరకు చేతికి వచ్చే బ్యాచిలర్ పట్టాపై విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది, మొదటి రెండేళ్లు ఎక్కడ చదివారన్నది దానిపై రాయరు. ఇది విన్నాక పిల్లవాడి స్వరం కొంత మారింది.

కాని దారి పొడవునా పూలే లేవు. విశ్వవిద్యాలయానికి మారాలన్న ఉద్దేశంతో చేరేవారే ఎక్కువ, నిజంగా మారేవారు మూడింట ఒక వంతు మందే. దీనికి కారణం తెలివి తక్కువై కాదు. సగం రోజు ఉద్యోగం చేస్తూ సెమిస్టరుకు రెండు సబ్జెక్టులు చదివేవాడికి రెండేళ్ల చదువు అయిదేళ్లవుతుంది, ఈలోగా ఇంటి బాధ్యతలు మీదపడతాయి. మరికొందరు ఎవరినీ అడగకుండా నచ్చిన సబ్జెక్టులన్నీ తీసుకొంటారు. తీరా విశ్వవిద్యాలయానికి వెళ్లాక వాటిలో కొన్ని తమ శాఖకు పనికిరావని తెలుస్తుంది. ఇంజనీరింగు కోరేవాడు కాల్‌క్యులస్, భౌతికశాస్త్రం మొదటి రెండేళ్లలో ముగించకుంటే అవతల మళ్లీ మొదటికి వస్తాడు. అప్లయిడ్ సైన్స్ పట్టాలోని క్రెడిట్లను చాలా చోట్ల పూర్తిగా అంగీకరించరు. అందువల్ల మేము ఆ తండ్రికి ఒకే మాట గట్టిగా చెప్పాము: చేరిన మొదటి నెలలోనే విద్యా సలహాదారు వద్ద కూర్చొని, ఏ విశ్వవిద్యాలయం, ఏ శాఖ అన్నది నిర్ణయించుకొని, అక్కడినుండి వెనక్కి లెక్కవేసి సబ్జెక్టులు ఎంచుకోవాలి.

డబ్బు సంగతి. కాలేజ్ బోర్డు లెక్కల ప్రకారం 2024-25లో స్థానిక నివాసికి కమ్యూనిటీ కళాశాల బోధనా రుసుము సగటున ఏడాదికి సుమారు 4,000 డాలర్లు. అదే రాష్ట్రంలోని నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సుమారు 11,600. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో 43,000 పైమాటే. తక్కువ ఆదాయం గల కుటుంబాలకు పెల్ గ్రాంటు అని ప్రభుత్వ సహాయం ఉంది. ఆ ఏడాది దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. పౌరులతోపాటు గ్రీన్‌కార్డు ఉన్నవారూ అర్హులే. మా శిష్యుడి కుటుంబానికి గ్రీన్‌కార్డు ఉంది, ఆదాయం అంతంత మాత్రం. ఆ గ్రాంటుతో కళాశాల రుసుము పోగా పుస్తకాల ఖర్చుకు కూడా కొంత మిగలవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ సహాయానికి పెట్టుకొనే దరఖాస్తు ఫారము ఒకటే. దానికి జవాబుగా వచ్చే పత్రంలో గ్రాంటు, అప్పు రెండూ ఒకే పట్టికలో కనిపిస్తాయి. చూడకుండా అన్నిటికీ సరే అంటే అప్పు కూడా నెత్తిన పడుతుంది. గ్రాంటును అంగీకరించి అప్పును నిరాకరించే వీలుంది. సబ్సిడీ అప్పు అనే పేరు చూసి వడ్డీ లేనిదని భ్రమపడేవారూ ఉన్నారు. చదువుకొనే కాలంలో వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది, ఆ తరువాత భరించేది విద్యార్థే. తప్పనిసరి పరిస్థితుల్లో విద్యా రుణం గురించి పండితుల మధ్య జరిగిన చర్చలను మేము ఎరుగుదుము, ఆ చర్చలోకి ఇక్కడ దిగము. అయితే వడ్డీ లేని దారి పదిహేను నిమిషాల దూరంలో తెరిచి ఉన్నప్పుడు, తప్పనిసరి అన్న మాట ఎలా వర్తిస్తుందో మాకు అర్థం కాలేదు. ఆ మేనమామతో కూడా ఇదే అన్నాము. ఆయన కొంత నొచ్చుకొన్నారు.

మా శిష్యుడి భార్య ఫోనులో మాట్లాడుతూ మరొక సంగతి చెప్పింది. గుంటూరులో ఇంటర్ వరకు చదివి పెళ్లి చేసుకొని వెళ్లిన ఆ అమ్మాయి, అదే కళాశాలలో రెండేళ్ల క్రితం ఇంగ్లీషు తరగతుల్లో చేరింది. ఇప్పుడు చిన్నపిల్లల విద్యలో సర్టిఫికెట్ చదువుతోంది. తరగతిలో తనకంటే పెద్ద వయసు స్త్రీలు ముగ్గురున్నారట. "హిజాబుతో వెళ్తాను, ఎవరూ ఏమీ అడగరు హజ్రత్. సాయంత్రం పిల్లలు బడినుండి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను" అంది. ఇటువంటి కళాశాలల్లో చాలా వాటికి హాస్టళ్లు ఉండవు. విద్యార్థులు ఇంటినుండే వచ్చి పోతారు. ఆడపిల్లను దూరపు హాస్టలుకు పంపలేక ఆమె చదువునే ఆపేసే తల్లిదండ్రులు అక్కడా ఉన్నారట.

అయితే ఇక్కడినుండి విద్యార్థి వీసాపై పిల్లలను పంపదలచినవారు ఈ లెక్కలు తమకూ వర్తిస్తాయని అనుకోరాదు. విదేశీ విద్యార్థికి పెల్ గ్రాంటు లేదు, రుసుము స్థానికుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానిపై అద్దె, భోజనం, బీమా. హెచ్-4 వీసాపై తల్లిదండ్రులతో ఉన్న పిల్లలకు కూడా ఆ గ్రాంటు రాదు. చవక చదువని ఆశపెట్టే ఏజెంట్లు ఈ తేడా చెప్పరు.

మరి మన సంగతేమిటి అని పాఠకులు అడుగుతారు. మన దేశంలో కమ్యూనిటీ కళాశాల అనే పేరు కొత్తది కాదు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లోనే ఒకటి ప్రారంభించింది. 2013-14 నుండి యూజీసీ కూడా ఒక పథకం నడిపింది. ఆ పేరు మన ఊళ్లలో వ్యాపించలేదు గాని ఆ పని చేసేవి ఉన్నాయి. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం కూడా మెట్టు మీద మెట్టే కదా! మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి హైదరాబాదులోను, కడపలోను ఉర్దూ మాధ్యమ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. మదర్సా విద్యార్థులకోసం అదే విశ్వవిద్యాలయం బ్రిడ్జి కోర్సు కూడా నడుపుతోంది. 1982లో హైదరాబాదులో నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బీ.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, దేశంలోనే ఆ కోవలో మొదటిది. ఉద్యోగం చేసుకొంటూ డిగ్రీ చదివేవారికి అది ఆసరా. వీటన్నిటికంటే ముందు కావలసింది పదో తరగతి. జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పద్నాలుగేళ్లు నిండినవారు అయిదు సబ్జెక్టులతో ఆ పరీక్ష రాయవచ్చు. ఒకేసారి రాయలేకుంటే అయిదేళ్లలో విడతలుగా రాయవచ్చు. సబ్జెక్టుల్లో ఉర్దూ, అరబ్బీ కూడా ఉన్నాయి. మా మదర్సాలో ఆరేళ్లుగా ప్రతి విద్యార్థి చేతా ఆ పరీక్ష రాయిస్తున్నాము. మొదట్లో మా సహోపాధ్యాయులే అభ్యంతరం చెప్పారు, పాఠాలకు సమయం చాలదని. ఆ అభ్యంతరంలో కొంత నిజం ఉంది. పరీక్షల నెలలో హదీసు పాఠాలు వెనుకబడుతున్న మాట వాస్తవం. దానికి మేమింకా పరిష్కారం కనుగొనలేదు.

ఆ పిల్లవాడు ఆగస్టు చివరి వారంలో కళాశాలలో చేరాడు. ఇంగ్లీషు రచన, బీజగణితం, అమెరికా చరిత్ర, జీవశాస్త్రం తీసుకొన్నాడు. అయిదవ సబ్జెక్టు ఈ విడతకు వద్దని సలహాదారు అన్నారట. తరగతుల పట్టికను ఫోటో తీసి మాకు వాట్సాప్‌లో పంపాడు. శుక్రవారం గడి ఖాళీగా ఉంది. కింద ఒక వాక్యం రాశాడు: "జుమా కోసం కావాలని అలా పెట్టించుకొన్నాను దాదాజాన్. బీజగణితం మాత్రం కష్టంగా ఉంది, దుఆ చేయండి."