జ్వరము విడిచిన తరువాత



మార్కు సువార్త మొదటి అధ్యాయములోని పేతురు అత్తగారి సంగతి మనకందరికీ తెలిసినదే. జ్వరముతో పడియున్న ఆమెను ప్రభువు చెయ్యి పట్టి లేవనెత్తాడు. జ్వరము విడిచింది. ఆమె లేచి ఇంటికి వచ్చినవారికి పరిచారము చేసింది. 2021 జూలైలో, కోవిడ్ రెండవ అల తగ్గి మందిరములో మళ్ళీ కూడుకోవడము మొదలైన వారాలలో, కల్లూరులో మేము ఈ భాగమునే ప్రసంగానికి తీసుకున్నాము. స్వస్థత పొందినవారు ఊరక కూర్చోరనీ, లేచి పని పట్టుకుంటారనీ గట్టిగానే చెప్పాము. వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక సహోదరి ఆ మాటలన్నీ తన మీదికే తీసుకున్నదని ఆనాడు మాకు తెలియదు. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. పేరు మాత్రము వ్రాయడము లేదు.

ఆమెది ఉగ్గాని బండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఎర్రగడ్డలు తరిగి, బొరుగులు నానబెట్టి పిండి, తిరగవాత పెట్టి, ఆరింటికల్లా రోడ్డు మీద బండి నిలబెట్టవలసినదే. పది గంటలకు ఉగ్గాని, బజ్జి రెండూ అయిపోయేవి. భర్త హమాలీ పనికి పోతాడు. ఇద్దరు పిల్లల చదువు, పొదుపు సంఘము కంతు, ఇంటి అద్దె, అంతా ఆ బండి మీదనే నడిచేది.

2021 మే నెలలో ఆమెకు కోవిడ్ వచ్చింది. పెద్ద జబ్బేమీ కాదు. మూడు రోజులు జ్వరము, ఒళ్ళు నొప్పులు, వాసన తెలియకపోవడము. వేలికి పెట్టి చూసే మిషనులో ఆక్సిజన్ 96, 97 కంటె తగ్గలేదు. ఆసుపత్రిలో చేరకుండానే, ఇంటిలో ఒక గదిలో పదిహేను రోజులు ఉండి బయటికి వచ్చింది. ఆ రోజులలో మన సంఘములోనే ఆక్సిజన్ మంచము కోసము తిరిగిన కుటుంబాలున్నాయి, తిరిగి రానివారూ ఉన్నారు. వారితో పోల్చి మనమంతా ఆమెను అదృష్టవంతురాలనుకున్నాము.

జూన్ పోయింది, జూలై పోయింది, ఆమె మాత్రము లేవలేదు. స్నానము చేసి వస్తే గంటసేపు పడుకోవలసి వచ్చేది. నిలబడితే గుండె దడదడ కొట్టుకునేది. నలుగురికి చిల్లర లెక్క చెప్పే మనిషి, పొయ్యి మీద ఏమి పెట్టిందో మరచిపోయేది. ఎర్రగడ్డలు నూనెలో పడితే కుళ్ళిన కంపు కొడుతున్నదని ముక్కు మూసుకునేది. ఇంటిలో మొదట జాలిపడ్డారు, తరువాత విసుక్కున్నారు. అత్తగారు ఇరుగుపొరుగుతో, "జరం పోయి రెండు నెలలాయె, ఇంగా మంచమిడిసేది లేదు, పని తప్పిచ్చుకునేకి నేర్చుకున్నది" అన్నదట.

సరిగ్గా అప్పుడు మా ప్రసంగము. అది చాలదన్నట్లు, ఆగస్టులో మూడు దినముల ఉపవాస ప్రార్థనలకు, చివరి రాత్రి కూటమునకు ఆమెను రమ్మని మేమే కబురు పెట్టాము. మంచి ఉద్దేశముతోనే పెట్టాము. ఆమె వచ్చింది, ఉపవాసమున్నది, రాత్రంతా కూర్చున్నది. మరునాడు బాగానే ఉన్నదని సంతోషించాము. ఎల్లుండి నుండి మంచము దిగలేకపోయింది. పన్నెండు రోజులు. చూడడానికి వెళ్ళితే గోడవైపు తిరిగి మెల్లగా ఒకమాట అన్నది: "అయ్యగారూ, నాకు విశ్వాసం తక్కువేమో. లేసేకి శాతనే కాలేదు."

ఇంటికి వచ్చి మేము, అమ్మగారు ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

ఆ తరువాత కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గరకు మేమే వెంటబెట్టుకొని వెళ్ళాము. అంతకు ముందు ఊరిలో నాలుగు సెలైన్ బాటిళ్ళు, బలానికని ఇంజెక్షన్లు అయిపోయాయి. వాటికి పెట్టిన డబ్బుతో నెల బియ్యము వచ్చేది. డాక్టరమ్మ రక్తము, థైరాయిడ్, షుగరు, ఛాతీ ఎక్స్‌రే, తెమడ అన్నీ చూపించింది. రక్తము కొంచెము తక్కువ ఉన్నదని మాత్రలు వ్రాసింది, మిగిలినవి బాగున్నాయి. పడుకోబెట్టి నాడి చూసింది, నిలబెట్టి పది నిమిషాల తరువాత మళ్ళీ చూసింది. పడుకున్నప్పటికంటె నిమిషానికి ముప్పైకి పైగా ఎక్కువ కొట్టుకున్నది. "ఇది సోమరితనము కాదు, మనసులో పుట్టిన జబ్బూ కాదు. కోవిడ్ వెనుక మిగిలినది. తగ్గుతుంది, కాని తొందర పెడితే తగ్గదు" అన్నది. ఆ మాటకు ఆ సహోదరి అక్కడే ఏడ్చేసింది. ఆమె భర్త తల వంచుకున్నాడు, మేమూ వంచుకున్నాము.

తరువాత ఈ విషయము గురించి దొరికినది చదివాము, డాక్టర్లను అడిగాము. ఈ జబ్బుకు లాంగ్ కోవిడ్ అను పేరు మొదట పెట్టినవారు డాక్టర్లు కారు, రోగులే. 2020 మే నెలలో ఎలీసా పెరెగో అను ఇటలీ పురావస్తు శాస్త్రవేత్త తన బాధను లోకానికి చెప్పుకుంటూ ఆ మాట వాడింది. అదే నెలలో ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో అంటువ్యాధుల శాస్త్రము బోధించే పాల్ గార్నర్ అను ప్రొఫెసరు, ఆసుపత్రిలో చేరనవసరము లేని తన జబ్బు వారాల తరబడి తనను ఎట్లా పడవేసిందో ఒక వైద్య పత్రికకు వ్రాశాడు. అంతటి పండితునికే అంతుపట్టనిది, మన కల్లూరులో ఒక అత్తగారికి అర్థము కాలేదని నిందించడము న్యాయము కాదు.

మన దేశములో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరు 13ననే కోవిడ్ తరువాతి సంరక్షణకు సూచనలు ఇచ్చింది. ఉద్యోగము, పని మెల్లమెల్లగా మొదలుపెట్టమనీ, చాలినంత నిద్ర, విశ్రాంతి తీసుకొమ్మనీ అందులో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనికి ఒక నిర్వచనము చెప్పింది: జబ్బు పడిన మూడు నెలలకు కూడా లక్షణాలుండి, అవి కనీసము రెండు నెలలు సాగి, వేరే కారణము కనబడకపోతే దానిని కోవిడ్ అనంతర స్థితి అనవలెను. కోవిడ్ వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ఆరుగురికి ఇది వస్తుందని ఆ సంస్థ లెక్క. పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. టీకా వేసుకున్నవారికి తక్కువ. చాలామందికి నాలుగు నుండి తొమ్మిది నెలలలో తగ్గుముఖము పడుతుంది, వందకు పదిహేనుమందికి ఏడాది దాటినా ఉంటుంది. ఇదే జబ్బు అని తేల్చే పరీక్ష ఒక్కటీ లేదు. అందుకే క్షయ, రక్తహీనత, థైరాయిడ్, షుగరు కావని ముందు చూపించుకోవాలి. దగ్గు, బరువు తగ్గడము ఉంటే లాంగ్ కోవిడ్ అనుకొని ఇంటిలో కూర్చోవద్దు.

కారణము ఏమిటి? వైరసు తునకలు శరీరములో ఎక్కడో మిగిలిపోవడమా, రక్షణ శక్తి శాంతించకపోవడమా, గుండె వేగమును సరిచూసే నరాలు తడబడడమా అని శాస్త్రవేత్తలు వెదకుతున్నారు. వాసన సంగతి కొంత తెలిసింది. ముక్కులో వాసన నరాలకు అండగా ఉండే కణాలకు వైరసు సోకుతుంది. అవి కోలుకొని నరాలు మళ్ళీ కుదురుకునే లోపల వాసనలు తారుమారవుతాయి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, వేపుడు కంపు కొట్టడము అందుకే. మనవారు దీనిని చేతబడి దాకా తీసుకుపోయారు, ఆ కథ ఇక్కడ వద్దు.

కర్నూలువారికి దీనిని అర్థము చేసుకోవడానికి దూరము పోనక్కరలేదు. 2006లో చికున్‌గున్యా మన సీమ జిల్లాలను చుట్టబెట్టినప్పుడు జ్వరము వారములో పోయింది, కీళ్ళ నొప్పులు నెలల తరబడి పట్టుకున్నాయి. గోడ పట్టుకొని నడిచినవారిని ఎవరూ విశ్వాసము తక్కువని అనలేదు, ఎందుకంటే వాడవాడలో అందరూ అట్లానే నడిచారు. ఇంకొక సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. నీళ్ళు కొద్ది రోజులలోనే తీసిపోయాయి. ఇళ్ళ గోడల చెమ్మ ఎంతకాలమున్నదో ఆ ఇళ్ళలో కాపురమున్నవారిని అడగండి. నీరు పోయిందని తొందరపడి సున్నము కొట్టినవారి గోడలు మళ్ళీ పెచ్చులూడాయి.

మేము చేసిన పొరపాటు ఆ సున్నము కొట్టడమే. ఈ జబ్బులో చాలామందికి శక్తికి మించి కష్టపడిన రోజున ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజుల తరువాత దెబ్బ తగులుతుంది. మామూలు నీరసానికి వ్యాయామము మందు. ఇట్లా వెనుక నుండి కొట్టే నీరసానికి బలవంతపు వ్యాయామము హాని. డాక్టరమ్మ దానిని ఆ సహోదరికి కూలి లెక్కలో చెప్పింది: "రోజుకు నీకు వచ్చే కూలి నూరు రూపాయలనుకో. ఎనభైలోనే ఖర్చు ముగించు. నూట ఇరవై ఖర్చు పెడితే మిగతాది అప్పు, ఎల్లుండి వడ్డీతో కట్టాలి." బండి లెక్క తెలిసిన మనిషి గనుక వెంటనే పట్టుకున్నది. కూర్చొని స్నానము, స్టూలు మీద కూర్చొని వంట, ప్రతి పనికి మధ్య పడక. నీళ్ళు, మజ్జిగ ఎక్కువ. ఎండకు బయటికి పోవద్దు. మన ఎండాకాలములో ఈ ఒక్క నియమమే కష్టమైనది. పొద్దు పుట్టక ముందు కె.సి. కాలువ దిక్కు రెండు వందల అడుగులు నడవడము, వడ్డీ పడకపోతే వారానికి ఇరవై అడుగులు పెంచడము.

వాసనకు ఒక సాధన ఉన్నది. జర్మనీలో థామస్ హమ్మెల్ అను వైద్యుడు 2009లోనే దీనిని ప్రచురించాడు. గులాబీ, నిమ్మ, లవంగము, నీలగిరి తైలము, ఈ నాలుగింటిని పూటకొక్కసారి, ఉదయము సాయంకాలము, ఆ వాసనను జ్ఞాపకము చేసుకుంటూ మెల్లగా పీల్చాలి. కనీసము పన్నెండు వారాలు. డబ్బు ఖర్చు లేదు, ఓపిక ఖర్చు. ఆమె చిన్న కూతురు కళ్ళు మూయించి ఏది ఏదో చెప్పమని తల్లికి పరీక్ష పెట్టేది.

సంఘము ఏమి చేసింది? స్త్రీల సమాజము వారు వంతులు వేసుకొని సాయంకాలము ఎర్రగడ్డలు, మిరపకాయలు తరిగి ఇచ్చారు. అయిదు నెలల కంతు కానుకల పెట్టెలో నుండి కట్టాము. దానికి కమిటీలో ఒకరిద్దరు గొణిగారు, గొణగనిచ్చాము. అత్తగారి దగ్గరకు అమ్మగారు మూడుసార్లు వెళ్ళింది. మూడవసారి ఆ పెద్దామె తన గున్యా నొప్పుల సంగతి తానే ఎత్తింది. ఆ తరువాత కోడలిని సూటిపోటి మాటలనలేదు.

మేము చేయవలసినది ఇంకొకటి మిగిలింది. అదే మార్కు సువార్తలో ఎనిమిదవ అధ్యాయము ఉన్నది. బేత్సయిదాలో గ్రుడ్డివానిని ప్రభువు ఊరి వెలుపలికి, జనములోనుండి దూరముగా, చెయ్యి పట్టి తీసుకొనిపోయాడు. మొదటిసారి ముట్టినప్పుడు చూపు మసకగానే వచ్చింది. ఎదుటివారు మనుష్యులో చెట్లో తేట తెలియలేదు. నీకు విశ్వాసము చాలలేదని ప్రభువు అతనిని అనలేదు, ఏమి కనబడుతున్నదని అడిగి మరల చేతులుంచాడు. మొదటి అధ్యాయములో క్షణములో స్వస్థపరచినవాడే ఎనిమిదవ అధ్యాయములో రెండు విడతలుగా స్వస్థపరచాడు. ఇన్నేళ్ళు ఈ రెండు భాగాలనూ చదివి, ఒకదానినే అందరి మీదా ఎట్లా మోపామో! 2021 డిసెంబరులో ఒక ఆదివారము ఈ వాక్యము మీద మాట్లాడి, జూలైలో చెప్పినది తొందరపాటు అని సంఘము ఎదుట ఒప్పుకున్నాము. ఆరాధన తరువాత నలుగురు విడివిడిగా మా దగ్గరకు వచ్చి, తమకూ అట్లానే ఉన్నదనీ, ఇంతవరకు చెప్పుకోలేదనీ అన్నారు. అందులో ఒకాయన బడి పంతులు. పాఠము మధ్యలో మాట మరచిపోతున్నాడని భయపడి రాజీనామా పత్రము వ్రాసి జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు.

ఆ సహోదరి 2022 మార్చిలో వారానికి రెండు రోజులు బండి పెట్టింది. ఏప్రిల్ ఎండలకు మళ్ళీ పడిపోయి రెండు నెలలు ఇంటిలోనే ఉన్నది. ఆ సంవత్సరము క్రిస్మసుకు నాలుగు రోజులు, 2023 చివరికి ఆరు రోజులు. నిలబడి వండడము మానేసింది, ఎత్తు స్టూలు ఒకటి చేయించుకున్నది. పంతులు గారు బడి వదలలేదు. మిగిలినవారిలో ఒకరికి ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసము, మందులు వాడుతున్నారు. వారికోసము ప్రార్థించండి.

మందిరములో పాటలప్పుడు అందరూ లేచినా కూర్చోదలచినవారు కూర్చోవచ్చునని ఇప్పుడు మొదటనే చెప్పుచున్నాము. రాత్రి కూటములకు రమ్మని ఎవరినీ బలవంతము చేయడము లేదు.

మొన్న శనివారము ఉదయము బండి దగ్గర ఆగాము. తిరగవాత వాసన రోడ్డు అవతలికే వచ్చింది. ఆమెకు మాత్రము ఆ వాసన ఇంకా సగమే తెలుస్తుందట. అందుకే పొట్లము చేతికిచ్చి, రోజూ అందరినీ అడిగినట్లే మమ్మల్నీ అడిగింది: "అయ్యగారూ, తిని సూసి సెప్పండి, ఉప్పు సరిపోయిందా?"