పరుగులో గుండె లెక్క

కోల్‌కతాలో తెల్లవారకముందే మైదానంలోనూ, రవీంద్ర సరోవరం గట్ల మీదా పరుగుతీసేవారు కనిపిస్తారు. 2014లో అక్కడ ఆరంభమైన 25 కిలోమీటర్ల పందెం డిసెంబరు చలిలో జరుగుతుంది. కాని ఆ నగరంలో అసలు పరీక్ష దూరం కాదు, ఉక్క. గాలిలో తేమ హెచ్చితే చెమట ఆరదు. ఒంటి వేడిని వదిలించడానికి గుండె చర్మం వైపు మరింత రక్తాన్ని పంపవలసి వస్తుంది. కనుక జనవరిలో సుఖంగా సాగిన వేగమే జూన్‌లో గుండెకు భారమవుతుంది. కాళ్ళు పసిగట్టలేని ఈ తేడాను నాడి చెబుతుంది.

నాడి మీద నమ్మకం వంగదేశానికి కొత్త కాదు. 1956లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తారాశంకర్ బందోపాధ్యాయ నవల ‘ఆరోగ్య నికేతన్’ కథానాయకుడు నాడి పట్టి మృత్యువు రాకను గుర్తించే వైద్యుడు. పరుగెత్తేవారికి అంతటి విద్య అవసరం లేదు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో తెలిస్తే చాలు.

ఆ లెక్క చెప్పే పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండెలో పుట్టే విద్యుత్ సంకేతాన్నే గ్రహిస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లో ఇటువంటి తీగలేని సాధనాన్ని విపణిలోకి తెచ్చింది. మణికట్టు గడియారం చర్మంలోకి ఆకుపచ్చ కాంతిని పంపి, రక్తప్రవాహాన్ని బట్టి తిరిగివచ్చే వెలుగులోని మార్పును లెక్కిస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. పరుగులో చెయ్యి ఊగడంతో ఒక్కొక్కప్పుడు అడుగుల లయనే గుండె లయగా పొరబడుతుంది.

విశేషమేమంటే, ఖరీదైన గడియారం వెలలో చిన్న వంతుకే దొరికే సాదా ఛాతీపట్టీ పరుగులో దానికంటె నమ్మదగినది. కొనేముందు నాలుగు సంగతులు చూడండి: మీ ఫోనుతో బ్లూటూత్ ద్వారా కలుస్తుందా? బ్యాటరీని మీరే మార్చుకోవచ్చునా? యంత్రభాగాన్ని విడదీసి పట్టీని ఉతకవచ్చునా? పట్టీ పాడైతే విడిగా దొరుకుతుందా? చెమటలోని ఉప్పు పట్టీని త్వరగా చెరుపుతుంది కాబట్టి చివరి రెండూ ముఖ్యం. కట్టుకునేముందు లోపలి వైపు తడి చేయడం మరువవద్దు.

ఇక అంకెల అర్థం. 220 నుంచి వయసు తీసివేస్తే గరిష్ఠ వేగం వస్తుందన్నది ఉజ్జాయింపు సూత్రం. 45 ఏళ్ళవారికి అది 175. అందులో నూటికి 60 నుంచి 75 వంతులు, అనగా 105 నుంచి 131 వరకు, తేలికపాటి పరుగు. మనిషికీ మనిషికీ ఈ లెక్క మారుతుంది. గుండె వేగాన్ని తగ్గించే రక్తపోటు మందులు వాడేవారికి అసలే వర్తించదు. వారు వైద్యుని అడగాలి.

పట్టీ కొనే స్తోమత లేకున్నా దిగులు పడనక్కరలేదు. ఆగిన వెంటనే బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళుంచి, 15 సెకన్లు లెక్కించి, నాలుగుతో హెచ్చవేయండి. జాగు చేస్తే వేగం తగ్గిపోతుంది. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఆ పరుగు మీకు మితంగానే ఉన్నట్లు.

ఏ పరికరమైనా గుండె వేగాన్ని చెబుతుందే కాని గుండె క్షేమాన్ని చెప్పదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, అసాధారణమైన ఆయాసం కలిగితే, అంకె ఎంత బాగున్నా సరే, అక్కడే ఆగి వైద్యసహాయం పొందాలి.