కోఠి రెసిడెన్సీ తోట – మన ఊరి తోపు

బందరు రేవును ఎరుగని కృష్ణా మండలవాసి యుండడు. 1807 ప్రాంతమున, హైదరాబాదులో అడుగిడరాదని ఆజ్ఞ కాగా, ఖైరున్నిసా బేగము కొంతకాలము ఆ పట్టణముననే తలదాచుకొనెను. ఆమె విడిచివచ్చిన తోటను గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిమి. ఆ తోట హైదరాబాదున, మూసీనది ఉత్తరపు టొడ్డున, కోఠిలో కలదు. మూసీ నీరు వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి మన విజయవాడ బ్యారేజికే వచ్చును గనుక, అది మనకు పరాయి తోట కాదు.

నిజాము ఆస్థానమున ఉండిన ఇంగ్లీషు కంపెనీ ప్రతినిధిని రెసిడెంటు అనెడివారు. 1766 నాటి సంధితో మన సర్కారు జిల్లాలును, 1788లో గుంటూరును నిజాము నుండి కంపెనీ చేతికి పోయెను. 1805 వరకు రెసిడెంటుగా నుండిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, శామ్యూల్ రస్సెల్ గీసిన పథకము ననుసరించి, 1803లో ఈ భవనమును ప్రారంభించెను. సొమ్ము నిజాముది, అనగా రైతు చెల్లించిన శిస్తు.

స్థలము విషయమై ఒక కథ ప్రచారములో నున్నది. కిర్క్‌పాట్రిక్ కోరిన భూమి పటమును పెద్ద కాగితముపై గీయించి చూపగా నిజాము నిరాకరించెనట. ఆ పటము తన రాజ్యపటమంత ఉన్నదని ఆయన జంకు. అదే స్థలమును చిన్న అట్టముక్కపై గీయించి తేగా వెంటనే సమ్మతించెనట! పటము చదువుట రానిచో భూమి ఎట్లు చేజారునో ఈ కథ తెలుపును.

ఆ ఆవరణమున రెండు తీరుల తోటలు వెలసెను. భవనము ముందు ఇంగ్లీషు పద్ధతి: విశాలమైన పచ్చిక బయలు, అంచులను పెద్ద చెట్లు. బేగము నివసించిన రంగమహలు వద్ద మొగలాయి పద్ధతి: చుట్టును గోడ, నడుమ నీరు, పూలమడులు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున ప్రజలు రెసిడెన్సీపై దాడి చేసిరి. తరువాత ప్రహరీగోడలు బలపరుపబడినవి. 1860 ప్రాంతమున రంగమహలు కూల్చివేయబడెను. బేగము చూచుటకై కట్టించిన భవనపు చిన్న నమూనా మాత్రము మిగిలెను.

1949లో ఈ ఆవరణము మహిళా కళాశాల కాయెను. నాడు సామాన్యునకు మూసియున్న ద్వారము లోపల నేడు మన ఆడపిల్లలు చదువుకొనుచున్నారు. ఇది హర్షింపదగిన మార్పు. 2022లో ఏర్పడిన మహిళా విశ్వవిద్యాలయము నేడు చాకలి ఐలమ్మ పేర నడచుచున్నది. శిథిలమైన పాత భవనమును నిపుణులు శ్రమించి బాగుచేసిరి. కాని సుమారు 60 ఎకరాల ఆవరణము నేడు 40 ఎకరాలకు చేరువైనది. తోట స్థలమున పెక్కు కట్టడములు లేచినవి. కూలిన గోడను మరల కట్టవచ్చును. నూరేండ్ల చెట్టును ఏ మేస్త్రీయు కట్టజాలడు.

పంచాయతీ సభ్యులు గమనింపవలసినది ఇదియే. ప్రభుత్వము వేరొక అవసరమునకై ఉంచుకొనని తోపు పోరంబోకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామపంచాయతీకి సంక్రమించును. మీ ఊరి తోపు విస్తీర్ణమెంత? సరిహద్దు రాళ్లు ఉన్నవా? గ్రామపటము దెప్పించి, సర్వేయరుచే కొలిపించి, ఆ వివరములను పంచాయతీ రికార్డులో వ్రాయించుడు. ఆక్రమణ యున్నచో ఒక గుంట కదా యని ఉపేక్షింపవలదు. ఏటేటను ఒక్కొక్క గుంటగానే తోపులు తరిగిపోవును. క్రొత్త కట్టడము అవసరమైనప్పుడు చెట్లులేని చోటు వెదకి, ఆ పిమ్మటనే తీర్మానము చేయుడు. మొక్క నాటిన దినముననే, వేసవిలో దానికి నీరు పోయువారెవరో నిర్ణయింపుడు.

రెసిడెంట్లు పోయిరి, నిజాములును పోయిరి. నాటి చెట్ల నీడ మాత్రము ప్రజలకు దక్కినది. మన తోపు నీడయు మన మనుమలకు దక్కవలెను.