ఆయిల్ సంగతి తేల్చుకున్నాకే అడ్వాన్సు
పాత టూ స్ట్రోక్ బండి కొనే కుర్రాళ్లకు నాలుగు జాగ్రత్తలు

హోసూరు: మూడు రాష్ట్రాల నంబరు ప్లేట్లు ఒకే రోడ్డు మీద తిరిగే ఊరు హోసూరు. ఇక్కడి టీఎన్ 70 బండి పక్కనే కోలారు కేఏ 07, చిత్తూరు ఏపీ 03 కనిపిస్తుంటాయి. వీటి మధ్యలోంచి సన్నగా నీలం పొగ వదులుతూ ఓ పాత ఆర్‌ఎక్స్ 100 దూసుకెళ్లిందంటే కుర్రాళ్ల తలలు అటే తిరుగుతాయి. ఆ బండి తయారీ ఆగిపోయిన 1996 నాటికి వీళ్లలో చాలామంది పుట్టనే లేదు. అయినా మోజు తగ్గలేదు. ధర కూడా తగ్గలేదు. బాగా చేయించిన బండికి లక్ష దాటి అడిగేవాళ్లున్నారు.

టూ స్ట్రోక్ ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఇద్దరు కూర్చునే టీవీఎస్ 50 మోపెడ్ 1980లో ఇక్కడి ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. 1984లో ఇండ్-సుజుకి 100 సీసీ బైకు కూడా ఇక్కడే తయారైంది. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి 1985లో వచ్చింది. ఆ బళ్లు నడిపిన తండ్రులకు వాటి మర్మం తెలుసు. ఫోర్ స్ట్రోక్ బళ్ల మీద నేర్చుకున్న కొడుకులకు తెలియదు. చిక్కంతా అక్కడే.

ఇంజనుకు నూనె ఎక్కడిది?

ఫోర్ స్ట్రోక్ బండిలో ఇంజను కింద ఆయిలు నిలవ ఉంటుంది. పిస్టను, బేరింగులు దానితోనే తడుస్తాయి. టూ స్ట్రోక్‌లో అలా కాదు. క్రాంకు తిరిగే గదిలోంచే పెట్రోలు, గాలి పైకి వెళ్తాయి. అందుకే అక్కడ ఆయిలు నిలవ ఉంచలేరు. పెట్రోలుతో పాటే 2టీ ఆయిలు లోపలికి వెళ్లి, ఇనుమును తడిపి, కాలిపోతుంది. నీలం పొగ దానిదే. కింద పోసే గేరు ఆయిలు గేర్లకు, క్లచ్చికి మాత్రమే. అది నిండుగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

మోపెడ్లలో 2టీ ఆయిలును పెట్రోలు ట్యాంకులోనే కలుపుతారు. లీటరుకు 20 మిల్లీలీటర్లు అందరికీ తెలిసిన లెక్క. ఆర్‌ఎక్స్ 100కు మాత్రం వేరే ఆయిలు ట్యాంకు, పంపు ఉంటాయి. యాక్సిలరేటరు తిప్పేకొద్దీ పంపే కొలిచి పోస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడుంది. పంపు పాడైన బళ్లకు చాలాచోట్ల దాన్ని తీసేసి, ఆయిలు పెట్రోల్లో కలుపుకొని నడుపుతుంటారు. ఆ సంగతి చెప్పకుండా అమ్మేస్తే, కొన్న కుర్రాడు ఆయిలు ట్యాంకు నిండుగా ఉందని చూసుకుని ఉత్త పెట్రోలు పోయించుకుంటాడు. కొద్ది దూరంలోనే పిస్టను వేడెక్కి బోరుకు పట్టేస్తుంది. జోరు మీద ఉండగా పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుని బండి జారుతుంది. ఇంజనే కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ధర కంటే ముందు అడగాల్సిన మాట ఒకటే. ‘పంపు పనిచేస్తా ఉండాదా, పెట్రోల్లో కలుపుతా ఉండారా?’ జవాబు తడబడితే, తేలేదాకా లీటరుకు 20 మిల్లీలీటర్లు పెట్రోల్లోనూ కలుపుకోవడం మేలు. పొగ కాస్త ఎక్కువొస్తుంది, ఇంజను మాత్రం దక్కుతుంది. నడుస్తుండగా ఇంజను ఉన్నట్టుండి బరువెక్కినట్టు, శబ్దం మారినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టేయాలి. యాక్సిలరేటరు మూసి తొప్పూరు ఘాట్ లాంటి దిగుడును గేరు మీదే దిగడమూ మంచిది కాదు. చక్రం ఇంజనును జోరుగా తిప్పుతుంటుంది, ఆయిలేమో చాలీచాలకుండా అందుతుంది. మధ్యమధ్యలో కాస్త యాక్సిలరేటరు ఇస్తుండాలి.

చల్లని ఇంజనే చూడాలి

‘బండి బాగుండాదన్నా, ఒక్క కిక్కుకే స్టార్టు’ అనడం అమ్మేవాళ్లకు అలవాటే. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లారాకే కిక్కు కొట్టాలి. కిక్కు కాలికి గట్టిగా ఎదురు తిరగాలి. మెత్తగా దిగిపోతే బోరు అరిగిందని అనుమానించాలి.

స్టార్టు కాగానే కాసేపు నీలం పొగ రావడం మామూలే. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా, దట్టంగా వస్తూ గేరు ఆయిలు తగ్గుతుంటే క్రాంకు సీలు పోయినట్టే. యాక్సిలరేటరు వదిలినా ఇంజను రేసు దిగకపోతే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. ఇది కూడా పిస్టనును వేడెక్కించేదే. ప్లగ్గు విప్పి చూస్తే సగం జాతకం తెలుస్తుంది. లేత చాక్లెట్ రంగు మంచిది. తెల్లగా కాలి ఉంటే పెట్రోలో, ఆయిలో చాలడం లేదు. నల్లగా తడిగా ఉంటే ఎక్కువవుతోంది.

బోరు ఎన్నిసార్లు కొట్టించారో కూడా అడగాలి. పిస్టను సైజు 0.25, 0.50 అంటూ పెరుగుతూ పోతుంది. చివరి సైజుకు వచ్చేసిన బండికి కొత్త స్లీవు వేయించాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి.

సరిహద్దు దాటితే కాగితాలే ముఖ్యం

కుప్పంలో కొన్న బండి హోసూరులో తిరగాలంటే బేరం ఇంజనుతో ముగియదు. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఈ పాత బళ్లన్నీ ఆ లెక్కలోవే. గడువు తీరిన ఆర్సీ అయితే రెన్యువల్ చేయించి ఇచ్చే బాధ్యత అమ్మేవాళ్లదేనని ముందే ఒప్పించుకోవాలి.

పక్క రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు కావాలి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తప్పదు. పన్ను లెక్క రాష్ట్రానికో రకం. ఆర్సీలో పాత ఫైనాన్సు పేరు మిగిలి ఉంటే ఫారం 35 లేకుండా పని జరగదు. ఆర్సీ పుస్తకంగానే ఉండిపోయి కంప్యూటర్లోకి ఎక్కని బళ్లూ ఉంటాయి. ఎంపరివాహన్ యాప్‌లో వివరాలు రాకపోతే ఆర్టీవో ఆఫీసులో అడగకుండా డబ్బివ్వకూడదు. చాసిస్, ఇంజను నంబర్లు ఆర్సీతో అంకెకు అంకె కలవాలి. అక్కడ రుద్దినట్టో, మళ్లీ కొట్టినట్టో కనిపిస్తే బేరం వదులుకోవడమే.

ఇంటికి తెచ్చాక

బోరు కొట్టించిన బండిని తొలి 500 కిలోమీటర్లు లాగకూడదు. సైలెన్సరు లోపలి గొట్టం తీసి మసి గీకిస్తుండాలి. మసి పట్టేస్తే బండికి ఊపు పోతుంది. శబ్దం కోసం ఆ గొట్టం తీసేసి తిరిగితే పోలీసులు పట్టుకుంటారు, ఇంజను పనీ చెడుతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను చెడగొడుతుంది. వారం పైన బండి తీయకపోతే పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బొరేటరులో ఉన్నది అయిపోయేదాకా ఇంజను ఆడించి ఆపాలి. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే కనుక షూలు కొత్తవి వేయించాకే జోరు సంగతి.

ఆయిలు, సీళ్లు, బ్రేకు షూలు, ఆర్టీవో ఫీజు అన్నీ ఒక కాగితం మీద రాసి కూడితే, అడిగిన ధర మీద ఇంకెంత పడుతుందో తేలుతుంది. ఆ కాగితం చేతిలో ఉంటే బేరం కొనేవాడి వైపే ఉంటుంది.