రొయ్యల వైరసు, క్లౌడు గణనము

చెరువున విడిచిన నీలకంఠ రొయ్యపిల్లల తోక కండరము తెల్లబడుట యెంతటి అరిష్టమో గుడివాడ, దివిసీమ రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1990 దశకమున గ్వాదెలూప్ ద్వీపములో కనబడి, పిమ్మట చైనాకును మన దేశపు హేచరీలకును ప్రాకిన ఈ తెల్లతోక వ్యాధికి మూలమగు వైరసుయొక్క కవచనిర్మాణమును, మలేషియా, గ్లాస్గో శాస్త్రజ్ఞులు క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి 2018లో ప్రకటించిరి. ఒకే ప్రోటీను 180 ప్రతులుగ కూడి, రెండేసి జతకట్టి, కవచముపై కత్తి అలుగులవంటి ముళ్ళుగ నిలిచియున్నది.

ద్యుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకు 2017లో నోబెల్ బహుమానము నార్జించిన ఈ క్రయో సూక్ష్మదర్శన విద్యలో, వైరసున్న నీటిపొరను స్ఫటికము కట్టు వ్యవధి లేకుండ అతిశీతల ద్రవమున ముంచి ఘనీభవింపజేయుదురు. ఎలక్ట్రానులు మితిమీరిన కణము చెడును గనుక స్వల్పముగనే ప్రసరింపజేయుదురు. అందువలన ప్రతి చిత్రమును మసకయే. అట్టి లక్షలాది మసక చిత్రములలో ఒక్కొక్కదానిని ఒక అంచనా రూపముయొక్క వేలకొలది దిక్కుల దృశ్యములతో పోల్చి, సరిపడు దిక్కును నిర్ణయించి, సరాసరి కట్టి, వచ్చిన రూపముతో మరల పోల్చుచు పోవుటయే అసలు శ్రమ. దర్శినికన్న గణనయే దీర్ఘమైనదని నా అభిప్రాయము.

ఇంతటి గణనకు సొంత కంప్యూటర్ల సమూహము లేనివారి గతి యేమి? 2015లో సియన్‌ఫ్రాకో, లెష్‌జినర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు, అమెజాన్ సంస్థ అద్దెకిచ్చు క్లౌడు యంత్రములపై, అందరికిని లభించు ఈస్టు రైబోసోము చిత్రములతో పరీక్షించి, ఒక్కొక్క నిర్మాణమునకు 50 మొదలు 1500 డాలర్లు చాలునని అంచనా కట్టిరి. ఆ సంస్థవారి అద్దె యంత్రముల కేంద్రము 2022 నవంబరులో హైదరాబాదునను వెలసినది. 2008లో మచిలీపట్నమున స్థాపితమైన కృష్ణా విశ్వవిద్యాలయమువంటి చోట, దర్శిని లేకున్నను, బహిరంగ భాండారములందలి చిత్రములతో విద్యార్థి ఈ గణనము నభ్యసింపవచ్చును. అభ్యసింపవలెనని నా గాఢమైన కోరిక, ఏలయన మన చెరువుల రోగములను మనవారే శోధింపవలెను గదా.

ఐనను చిక్కు లేకపోలేదు. టెరాబైట్లకొలది ముడిచిత్రములను తీగపై పంపుటకు దినములు పట్టును. కావున దర్శినియొద్దనే కదలికదోషములను సవరించి, కణముల చిత్రములను మాత్రమే కత్తిరించి పంపుట మేలు. పని ముగియగనే అద్దె యంత్రమును నిలిపివేయవలెను. లేనిచో ఊరక నిలిచిన గంటలకును రుసుము చెల్లింపవలసివచ్చును.