త్రాడు పట్టిన చేతులు

చిలమత్తూరు సీమలో చెరువు నిండిన యేడు పండుగ. నిండని యేళ్లే హెచ్చు. మబ్బు వంక చూచుటతోనే కాలము గడచు ఆ మెట్ట పల్లెలకు తెరచాప పడవ కథలోని మాట. అయినను మన పడవ కాలువల చరిత్రలో అనావృష్టికిని ఒక పుట కలదు. అది బకింగ్‌హాం కాలువ కథ.

1806లో మద్రాసు నుండి ఎన్నూరు వరకు ఉప్పునీటి కాలువ మొదలైనది. క్రమముగా తీరము వెంట ఉత్తరమునకు సాగి, పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువను కలిసికొన్నది. అచటినుండి కృష్ణా, గోదావరి కాలువల మీదుగా కాకినాడ వరకు జలమార్గ మేర్పడినది. ఉప్పు, వంటచెరకు ఆ దారినే చెన్నపట్టణము చేరెడివి.

ఆ పడవ నడుపుట ఒక్కని పని గాదు. గాలి అనుకూలించినచో తెరచాప యెత్తెడివారు. గాలి పడినచో గడ వేసెడివారు. అదియు చాలనిచో గట్టెక్కి మోకు భుజమున వేసికొని లాగెడివారు. చుక్కాని పట్టినవాడు మాత్రము దానిని విడువడు. అసలు పరీక్ష లాకులో కలదు. తలుపులు మూసి నీరు వదలగా పడవ మెల్లగా పైకి లేచును. త్రాడు పట్టినవాడు నీటితోపాటు దానిని బిగించుచుండవలెను, దిగునపుడు వదలుచుండవలెను. ఏమరినచో పడవ గోడకు కొట్టుకొనును, లేదా త్రాటికి వ్రేలాడును.

1914లో తెరువబడిన పనామా ఓడల కాలువలోను ధర్మ మిదియే. మహానౌకల నడుమ చిన్న తెరచాప పడవ దాటవలెనన్న, చుక్కాని పట్టువాడు గాక త్రాళ్లకు నలుగురు కావలెను. అందుచేత పడవవారు మిత్రుల పడవలకు త్రాడు పట్టుటకు పోవుదురు. నేడు నేను నీకు, రేపు నీవు నాకు. రాయలసీమ రైతులు ఒకరి చేనికి ఒకరు ముయ్యికి పోవుట వంటిదే యిది.

ఇక కరవు మాట. 1876-78 నాటి ధాత కరవు మద్రాసు రాజధానిని కాల్చినది. చిలమత్తూరు సీమ అప్పుడు బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ కరవులో దారుణముగా నష్టపడిన జిల్లాలలో బళ్ళారి యొకటి. ఆ రోజులలోనే మద్రాసు నగరమున అడయారు, కూవం నదులను కలుపుచు సుమారు 5 మైళ్ల కాలువను కరవు పనిగా త్రవ్వించిరి. ఆకలిగొన్నవారు మన్ను మోసి కూలి తెచ్చుకొనిరి. 1878లో కాలువకు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. త్రవ్వినవారిలో ఆ నీటిపై పడవ యెక్కినవా రెందరో!

తరువాత రైలు, రోడ్డు వచ్చినవి, తుపానులు గట్లు తెంపినవి, కాలువ పూడిపోయినది. అయినను 2004 డిసెంబరు 26న సముద్రము పైబడినపుడు ఆ పాత కాలువయే పెక్కుచోట్ల అలల వేగమును తనలో నిముడ్చుకొని ప్రాణములు కాచినది. కాలువకు పేరు ప్రభువుది. కాచిన పుణ్యము మాత్రము మన్ను మోసిన తలలది. చెరువులో పూడిక తీయుటకు పార పట్టిన చిలమత్తూరు రైతునకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.