బొంత: పాత చీరల్లో దాగిన వెచ్చదనం

హొసూరు, డెంకణికోట, తళి ప్రాంతాలు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మార్గశిర, పుష్య మాసాల చలి గురించి మన మొరసునాడు వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ చలికి మన పెద్దలు పైసా ఖర్చు లేకుండా చేసుకున్న ఏర్పాటే బొంత.

బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, పంచెలే కావాలి. ఐదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే ఒక మనిషి కాళ్ల నుంచి తలదాకా కప్పుకోవచ్చు. కాస్త గట్టిగా ఉన్న చీరలు అడుగునా పైనా వేస్తారు. చినిగినవి, అతుకు ముక్కలు మధ్యలోకి పోతాయి. నాలుగైదు పొరలు చాలు. అంతకు మించితే తడిసినప్పుడు బరువెక్కి ఉతకడం, ఆరబెట్టడం కష్టం.

పొరలను నేలమీద పరచి, మూలల్లో బరువులు పెట్టి, ముడతలు లేకుండా లాగుతారు. ముందు పెద్ద పెద్ద కుట్లతో వాటిని కలిపి, అంచులు మడిచి కుడతారు. ఆ తర్వాత దగ్గర దగ్గరగా వరసలు వేస్తారు. ఈ వరసలు అందం కోసమే కాదు. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనాన్నిస్తుంది. కుట్టు లేకపోతే పొరలు జారి ఒక పక్కకు చేరిపోతాయి. పాలియెస్టర్ చీరలతో కుట్టిన బొంత జారుతుంది, చెమట పీల్చదు. పసిబిడ్డకు నూలు బొంతే వేయాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది అందుకే.

ఈ పని మన ఒక్కరిదే కాదు. పక్కనున్న కన్నడిగులు కౌది అంటారు, మరాఠీలు గోధడి అంటారు. బెంగాలీల నక్షి కంథా పేరుమీద జసీముద్దీన్ 1929లో ఏకంగా ఒక కావ్యమే రాశాడు. మన బొంతకు అలాంటి పేరు రాలేదు. చినిగేదాకా వాడి, చినిగాక మరో బొంత పొరల్లో కలిపేసే వస్తువు కాబట్టి పాతవి దాచిపెట్టినవారూ తక్కువే.

1970లలో హొసూరుకు సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. ఇంటి ఆడవాళ్లకు షిఫ్టు పనులు దొరికాయి, బజారులో చవక కంబళ్లు దొరికాయి. నూలు చీర కట్టేవాళ్లే తగ్గారు. మధ్యాహ్నాలు నలుగురూ కూర్చుని కుట్టే తీరిక పోయింది.

పోయేది కుట్టు ఒక్కటే కాదు. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత మన పిల్లలకు బడిలో తెలుగు చదివే వీలు తగ్గింది. ఇక దబ్బనం, అతుకు, పొర, అంచు లాంటి మాటలు వాళ్ల చెవిన పడేది ఇంట్లోనే. పని ఆగితే ఆ మాటలూ ఆగుతాయి.

ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన అవ్వ ఉంటే ఈ చలికాలం లోపే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. పెద్దది అక్కరలేదు, ఉయ్యాలలో వేసే చిన్న బొంత చాలు. రెండు పాత నూలు చీరలు, ఒక సూది, దారపు ఉండ ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఆమె ఏ పనిని ఏ మాటతో చెబుతుందో పిల్లల చేత తెలుగులోనే రాయించండి.